పుస్తకం తెస్తే చాలు, జరిమానా అక్కర్లేదు

బొమ్మల పుస్తకం ఒకటి గడువు దాటితే రోజుకు పది సెంట్లు జరిమానా అనుకుందాం. ఎవరూ లెక్కచేయని మొత్తం. కానీ చిన్నపిల్లలున్న ఇంటివాళ్లు లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకంతో తిరిగిరారు, పదిహేను తెచ్చుకుంటారు. పది రోజులు మరిచిపోతే పదిహేను డాలర్లు. న్యూయార్క్‌లో సరిగ్గా ఆ పదిహేను డాలర్ల దగ్గరే కార్డు ఆగిపోయేది. 2021 అక్టోబరు 5న నగరంలోని మూడు లైబ్రరీ వ్యవస్థలూ (న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్) జరిమానాలు ఎత్తేసి, పాత బాకీలు కొట్టేసేనాటికి అలా ఆగిపోయిన కార్డులు దాదాపు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా పేదలు ఎక్కువగా ఉండే పేటలవే.

ఈ దారిలో న్యూయార్క్ మొదటిదేమీ కాదు. ఐర్లండ్ 2019 జనవరి 1 నుంచి దేశమంతటా ప్రజా గ్రంథాలయాల్లో జరిమానాలు తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో, అక్టోబరులో షికాగో, 2022లో టొరంటో అదే పని చేశాయి. జరిమానా సామాజిక అసమానతకు ఒక రూపమేనని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019 జనవరిలో తీర్మానం చేసింది.

అప్పుడు వినిపించిన అభ్యంతరం ఒక్కటే: జరిమానా లేకపోతే పుస్తకం ఎవరు తెచ్చిస్తారు? ఇందులో ఒక పొరపాటుంది. ఆ నగరాల్లో తీసేసింది ఆలస్యానికి కట్టే రుసుమునే, పుస్తకం ఖరీదును కాదు. న్యూయార్క్‌లో గడువు దాటి నెల రోజులైతే పుస్తకం పోయినట్టు లెక్క, దాని ధర సభ్యుడి ఖాతాలో పడుతుంది. పుస్తకం తెచ్చిస్తే ఆ పద్దు కొట్టేస్తారు. అలాంటి పద్దులు ఒక హద్దు దాటితే కార్డు ఆగుతుంది. షికాగోలో ఆ గడువు ఇంకా తక్కువ, వారం రోజులే. ఒకటి మాత్రం మారింది. వెనుక ఆలస్యమైన ప్రతి రోజూ బాకీ పెరిగేది, పెరిగినకొద్దీ లైబ్రరీ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లేది కాదు. ఇప్పుడు ఏ రోజు తెచ్చినా బాకీ సున్నా.

డబ్బు మాటకొస్తే, శాన్ ఫ్రాన్సిస్కోలో జరిమానాల రాబడి లైబ్రరీ బడ్జెట్‌లో 0.2 శాతం. అంటే వెయ్యికి రెండు. శాన్ డియేగో అధికారులు లెక్క తీస్తే, వసూలైన దానికంటే వసూలు చేయడానికి వెచ్చించిన సిబ్బంది సమయమే ఖరీదని తేలింది. కౌంటర్లో పనిచేసినవాళ్లకు ఇది వింతగా తోచదు. చిల్లర ఇవ్వాలి, రసీదు రాయాలి, ‘నేను మొన్ననే వాపసు డబ్బాలో వేశాను’ అనేవాళ్లతో వాదించాలి, సాయంత్రం గల్లాపెట్టె లెక్క సరిచూసి జమ చేయాలి. ఇదంతా అర డాలరు కోసం.

జరిమానా వల్ల మనుషులు త్వరపడతారన్న నమ్మకమూ అంత గట్టిది కాదు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలపై ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశీలన 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి పది నిమిషాలకు మించి ఆలస్యమైతే ఆరు కేంద్రాల్లో పది షెకెళ్ల (ఇజ్రాయెల్ కరెన్సీ) జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యారు. అంతకుముందు టీచరు ముందు సిగ్గుపడేవాళ్లు, ఇప్పుడు డబ్బు కట్టి ఆ సమయం కొనుక్కున్నట్టు భావించారు. జరిమానా తీసేశాక కూడా ఆ అలవాటు పోలేదు. లైబ్రరీకి దీన్ని యథాతథంగా అన్వయించలేం గానీ, స్థోమత ఉన్నవాళ్లకు జరిమానా ఒక అద్దె మాత్రమే అనడానికి ఇది చాలు.

అలాగని జరిమానా రద్దును సమర్థించేవాళ్లు చూపే అంకెలన్నీ కళ్లకద్దుకోనక్కర్లేదు. షికాగోలో రద్దు తర్వాత కొన్ని వారాల్లోనే పుస్తకాల వాపసు 240 శాతం పెరిగిందని ఎంతో ప్రచారం జరిగింది. కానీ అది ఏళ్ల తరబడి అటకల మీద పడి ఉన్న పుస్తకాలు ఒక్కసారిగా తిరిగొచ్చిన సందర్భం. మాఫీ ప్రకటించిన ఏ లైబ్రరీలోనైనా మొదటి నెల అలాగే ఉంటుంది. చూడాల్సిన లెక్క వేరు: ఏడాది తర్వాత ప్రతి వెయ్యి ఇష్యూలకు ఎన్ని పుస్తకాలు ‘పోయినవి’గా నమోదయ్యాయి? రిజర్వు చేసుకున్నవాళ్లు సగటున ఎన్ని రోజులు ఎదురుచూస్తున్నారు? రెండోది పెరిగితే పద్ధతిలో లోపమున్నట్టే. వరుసలో ఇంకొకరున్న పుస్తకానికి రెన్యువల్ (గడువు పొడిగింపు) ఆపేయడం, గడువు దాటిన పుస్తకం ఇచ్చేదాకా కొత్తది ఇవ్వకపోవడం, గిరాకీ ఉన్న పుస్తకాలకు అదనపు కాపీలు కొనడం దీనికి మందు. ఎవరూ అడగని పుస్తకానికి మాత్రం రెన్యువల్ దానంతటదే జరిగిపోవాలి. అది మూడు వారాలు ఎక్కువ ఎవరింట్లోనో ఉంటే వచ్చే నష్టమేమీ లేదు.

అసలు ఇబ్బందులు నిర్ణయం దగ్గర కాదు, అమలు దగ్గర వస్తాయి. మన దేశంలోనూ చాలా లైబ్రరీలు పుస్తకాల, సభ్యుల లెక్కలకు వాడుతున్న కోహా సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. సర్క్యులేషన్ రూల్స్‌లో (పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే నియమాల్లో) జరిమానా మొత్తాన్ని సున్నా చేసి పని అయిపోయిందనుకుంటారు. అన్ని శాఖలకూ కలిపి రాసిన రూల్ కంటే ఒక శాఖకో, ఒక సభ్యుల వర్గానికో ప్రత్యేకంగా రాసిన రూల్‌కే అక్కడ బలమెక్కువ. ఎప్పుడో రాసి మరిచిపోయిన ఆ రూల్ ఎక్కడో ఒక శాఖలో జరిమానా వేస్తూనే ఉంటుంది. రెండోది, రేటు సున్నా అయినంత మాత్రాన పాత బాకీలు చెరిగిపోవు. ‘నో ఇష్యూస్ ఛార్జ్’ (ఇంతకు మించి బాకీ ఉంటే పుస్తకం ఇవ్వొద్దన్న) హద్దు దాటిన ఖాతాలు ఆగిపోయే ఉంటాయి. జరిమానా లేదని పేపర్లో చదివి వచ్చిన మనిషిని కౌంటర్లో వెనక్కి పంపితే మళ్లీ రాడు. కాబట్టి ప్రకటనకు ముందే పాత బాకీలు రద్దు చేయాలి, అదీ ‘రైట్ ఆఫ్’ (మాఫీ) కింద. తొందరలో ‘చెల్లింపు’ కింద నమోదు చేస్తే రాని డబ్బు వచ్చినట్టు రిపోర్టులో చేరి, ఆడిట్‌లో మెడకు చుట్టుకుంటుంది. మూడోది, గడువు దాటితే కార్డు ఆపే ఏర్పాటు పెట్టి, పుస్తకం రాగానే ఆ ఆంక్ష తొలగిపోయే సెట్టింగును ఆన్ చేయకపోవడం. పుస్తకం తిరిగొచ్చినా కార్డు ఆగిపోయే ఉంటుంది.

గడువుకు మూడు రోజుల ముందు ఒక మెసేజ్, దాటిన మర్నాడు ఒకటి, వారం దాటాక ఒకటి, రెండు వారాలు దాటాక ఒకటి, నెల దాటాక పుస్తకం ధర పద్దు: ఈ వరుస సరిపోతుంది. అన్నిటికంటే గడువుకు ముందు వెళ్లే మెసేజే ముఖ్యం. మన దగ్గరైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఎస్సెమ్మెస్ టెంప్లేటు (మెసేజ్ నమూనా) ముందే నమోదు చేయించాలి, లేకపోతే మెసేజ్‌లు వెళ్లవు.

మరి తెలుగు రాష్ట్రాల సంగతి? ఇక్కడ జరిమానా రద్దు గురించి గొంతు చించుకోవడం వృథా. మన శాఖా గ్రంథాలయాల్లో పాఠకుణ్ని ఆపేది పుస్తకం తీసుకున్నాక పడే అపరాధ రుసుం కాదు, తీసుకోకముందే కట్టాల్సిన డిపాజిట్. తిరిగిచ్చేదే అయినా, పిల్లవాడి చేతికి పుస్తకం రావాలంటే ముందు తండ్రి జేబులోంచి డబ్బు రావాలి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నది ఆ కుటుంబాలే కదా! వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయవన్నది జిల్లా గ్రంథాలయ సంస్థల పాత గోడు.

రెండో అడ్డు సిబ్బంది భయం. స్టాకు లెక్కలో పుస్తకం తగ్గితే తమ జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమోనన్న బెరుకు ఉన్నచోట కొత్త పుస్తకాలు బీరువాల్లోనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థల గ్రంథాలయాలకు దీనికి విరుగుడు ఉంది. సాధారణ ఆర్థిక నియమావళి-2017లోని 215వ నిబంధన, ఏడాదిలో ఇష్యూ చేసిన లేదా చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని ఒప్పుకుంటుంది, ఆ నష్టం నిర్లక్ష్యం వల్లో, మోసం వల్లో కాకపోతే. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు.

జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ సిబ్బందికి ఇలాంటి భరోసానే రాతపూర్వకంగా ఇచ్చి, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు డిపాజిట్ లేకుండా, బడి ప్రధానోపాధ్యాయుడి సంతకంతో కార్డులు ఇవ్వవచ్చు. ఏడాదికి నాలుగు వేల పుస్తకాలు ఇష్యూ చేసే శాఖలో వెయ్యికి అయిదు చొప్పున ఇరవై పుస్తకాలు పోయాయనుకున్నా, ఒక్కోటి నూట యాభై రూపాయల వంతున నష్టం మూడు వేలు. బడ్జెట్‌లో ‘పోయిన పుస్తకాల భర్తీ’ అని ఒక పద్దు తెరిస్తే సరిపోతుంది.