అమ్మేది కంపెనీ, పూచీ మాత్రం జనానిది

ఆయుధాలు అమ్మేది కంపెనీలు, కొనేది ఎక్కడో ఉన్న ప్రభుత్వాలు, మధ్యలో మామూలు జనానికి ఏం సంబంధం అనుకుంటారు చాలామంది. బ్రిటన్ కథ కాస్త తిరగేస్తే ఆ సంబంధం ఎక్కడుందో తెలుస్తుంది. 1966లో డెనిస్ హీలీ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు ఆ శాఖలోనే ఆయుధాల అమ్మకాలకని ఓ ఆఫీసు తెరిచారు, తర్వాత దానికే డెసో అని పేరొచ్చింది. ఖర్చు ఖజానాది, పనేమో ప్రైవేటు కంపెనీలకి గిరాకీ చూసిపెట్టడం. పైగా దాని హెడ్‌లు ఆయుధాల ఇండస్ట్రీ నుంచే వచ్చేవాళ్ళు, సర్కారు జీతం సరిపోదని పైన కొంత ఆ ఇండస్ట్రీయే కలిపిచ్చేది. ఇంకోపక్క ఎవరికి అమ్మొచ్చు ఎవరికి అమ్మకూడదు అని లైసెన్సులిచ్చేది కూడా ఆ ప్రభుత్వమే. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

అందుకే 1974లో మొదలైన క్యాంపెయిన్ అగైన్‌స్ట్ ఆర్మ్స్ ట్రేడ్, షార్ట్‌గా క్యాట్, కంపెనీల గేట్ల ముందు అరవడంతో ఆగకుండా ప్రభుత్వం చెయ్యి పట్టుకుని ఇదేంటి అని అడగడం మొదలెట్టింది. మా దృష్టిలో ఈ ఉద్యమం చేసిన తెలివైన పని ఇదే. యుద్ధం మంచిదా చెడ్డదా అనే వాదనకి అంతుండదు, నా టాక్సు డబ్బు ఆ అమ్మకంలో ఎందుకుంది అంటే మాత్రం మంత్రిగారు నిలబడి జవాబు చెప్పాల్సిందే.

ఆ డబ్బు వెళ్ళే దారి చూడండి. 1919 నుంచి బ్రిటన్‌లో ఎగుమతులకి గ్యారంటీ ఇచ్చే శాఖ ఒకటుంది, ఇప్పుడు యూకే ఎక్స్‌పోర్ట్ ఫైనాన్స్ అంటున్నారు. కొన్న దేశం డబ్బు కట్టకపోతే ఆ శాఖ కడుతుంది, అంటే జనం కడతారు. ఇరాక్ విషయంలో అదే అయింది, 1990లో సద్దాం కువైట్ మీద పడ్డాక ఇరాక్ కట్టాల్సిన బాకీలు వచ్చే దారి లేక గ్యారంటీ భారం బ్రిటన్ ఖజానా మీదే పడింది. లాభమొస్తే కంపెనీది, మునిగితే అందరిదీ. మామూలు వ్యాపారికి ఇలాంటి బేరం ఎవరిస్తారండీ?

సాయం పేరుతో జరిగింది ఇంకా ఘోరం. మలేషియాలో పెర్గావ్ డ్యామ్‌కి బ్రిటన్ 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇచ్చింది, ఆ ప్రాజెక్టు దండగని సొంత అధికారులే చెప్పినా ఆగలేదు, ఎందుకంటే వెనకాల 1988లో ఆయుధాల ఒప్పందం నడిచింది. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే ప్రచార సంస్థ కోర్టుకెళ్ళింది, 1994లో హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తేల్చింది. తర్వాత 2002లో వచ్చిన చట్టంలో సాయం పేదరికం తగ్గించడానికే వాడాలని రాసుకున్నారు. పేదల పేరు చెప్పి యుద్ధ విమానాల బేరం నడపడానికి అడ్డం పడింది ఏ ప్రతిపక్ష మహానాయకుడో కాదు, చందాల మీద నడిచే ఓ సంస్థ.

క్యాట్ పట్టుదల కూడా తక్కువది కాదు. ఒక్కో షేరు కొనుక్కుని బ్రిటన్‌లో పెద్ద ఆయుధాల కంపెనీ అయిన బీఏఈ సిస్టమ్స్ వార్షిక మీటింగ్‌లకి వెళ్ళి మైకు పట్టుకుని ప్రశ్నలేసేవాళ్ళు, సమాచార చట్టం కింద అర్జీల మీద అర్జీలు పెట్టేవాళ్ళు. ఇంత చిన్న గుంపుకి అంత పెద్ద కంపెనీ భయపడుతుందా అంటే, బీఏఈ కోసం పనిచేసిన ఓ ప్రైవేటు ఏజెన్సీ క్యాట్‌లోకి తన మనుషుల్ని దూర్చిందని 2003లో పేపర్లో వచ్చింది. లెక్కలోకి రాని వాళ్ళ మీద ఎవరూ గూఢచారుల్ని పెట్టరు కదా.

2007లో గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం డెసో మూసేస్తున్నామంది. క్యాట్ ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నదే అది, గెలుపే అనుకోవాలి. కానీ 2008లో ఆ పని పోలేదు, ట్రేడ్ వ్యవహారాలు చూసే ఇంకో సంస్థలోకి కొత్త బోర్డుతో వెళ్ళింది. ప్రభుత్వాలకి ఇది బాగా అలవాటైన విద్య, ఆఫీసు మూస్తారు కానీ పని మూయరు.

కోర్టుల్లోనూ ఇదే వరస. సౌదీకి ఆయుధాలమ్మిన 1985 నాటి అల్ యమామా డీల్‌లో ముడుపుల దర్యాప్తుని 2006లో దేశభద్రత పేరు చెప్పి ఆపేశారు, క్యాట్, ది కార్నర్ హౌస్ అనే ఇంకో ప్రచార సంస్థ కలిసి కోర్టుకెళ్తే 2008 ఏప్రిల్‌లో హైకోర్టు ఆపడం తప్పంది, జూలైలో అప్పటి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జిలు ఆ తీర్పు కొట్టేశారు. యెమెన్‌లో సౌదీ బాంబుల విషయంలో క్యాట్ వేసిన కేసులో 2019 జూన్‌లో అప్పీల్ కోర్టు లైసెన్సులిచ్చిన పద్ధతి చట్టప్రకారం లేదంది, యుద్ధ చట్టాల ఉల్లంఘనలు ఇంతకుముందు జరిగాయో లేదో ప్రభుత్వం తేల్చుకోనే లేదని. ఏడాది తిరిగేసరికి, చూశాం, జరిగినవి ఏవో విడివిడి ఘటనలే అని చెప్పి మళ్ళీ లైసెన్సులు మొదలెట్టారు. దాని మీద క్యాట్ వేసిన రెండో కేసు 2023లో ఓడిపోయింది. నిజం చెప్పాలంటే కోర్టుని మాత్రమే నమ్ముకుంటే ఈ ఉద్యమం ఇక్కడే తిరుగుతూ ఉంటుంది, దేశభద్రత అనే మాట వినపడగానే జడ్జిలు ఓ అడుగు వెనక్కేస్తారు.

ఇక ఉద్యోగాల వాదన. ఆయుధాల ఎగుమతి ఆగితే ఊళ్ళకి ఊళ్ళు రోడ్డున పడతాయి అంటారు, ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, ఆ ఫ్యాక్టరీల మీద బతికే కుటుంబాల భయం నిజమైన భయమే. కానీ ఆ కార్మికులే ఏం చేశారో కూడా చూడాలి. 1974లో స్కాట్లాండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్ రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో, చిలీ సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిన కుట్రలో వాడిన హాకర్ హంటర్ రకం జెట్ల ఇంజన్లు రిపేరుకొస్తే మేం ముట్టుకోం అన్నారు, అవి నాలుగేళ్ళు అక్కడే పడున్నాయి. 2008లో డర్బన్ రేవు కార్మికులు జింబాబ్వేకి వెళ్ళాల్సిన చైనా ఓడలోని ఆయుధాలు దించలేదు. 2019లో జెనోవాలో రేవు కార్మికులు సౌదీ ఓడకి సరుకెక్కించం అని సమ్మె చేశారు. వీళ్ళెవరికీ జీతం విలువ తెలియక కాదు. పబ్లిక్ డబ్బుతో ఎలాగూ సాయం చేస్తున్నప్పుడు ఆ నైపుణ్యాన్ని వేరే తయారీకి మళ్ళించే ప్లాన్ కార్మికులతో కూర్చుని వెయ్యాలి, ఉద్యమాలు కూడా ఈ పని మీద ఇంకా చాలా ఎక్కువ టైం పెట్టాలి, నినాదాల్లో ఉన్నంత శ్రద్ధ ఇక్కడ కనపడట్లేదు.

ఇప్పుడు అసలు గొడవ ఓపెన్ లైసెన్సుల దగ్గరుంది, అంటే ఒక్కసారి ఇస్తే ఎన్నోసార్లు సరుకు పంపుకోగల అనుమతులు. వాటిలో ఇంత విలువ అని రాయక్కర్లేదు, ఎంత సరుకు వెళ్ళిందో బయట జనానికి అంతుపట్టదు. 2024 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌కి దాదాపు 350 లైసెన్సుల్లో ఓ 30 ఆపామని బ్రిటన్ ప్రకటించింది, ఎఫ్-35 యుద్ధ విమానాల విడిభాగాల్ని మాత్రం, చాలా దేశాల ఉమ్మడి ప్రోగ్రాం పేరుతో, నేరుగా ఇజ్రాయెల్‌కి పంపేవి తప్ప మిగతావాటిని ఆపకుండా వదిలేసింది. అల్ హక్ అనే పాలస్తీనా సంస్థ దీని మీద వేసిన కేసుని 2025 జూన్ 30న హైకోర్టు కొట్టేసింది, ఆ నిర్ణయం ప్రభుత్వానిదీ పార్లమెంటుదీ అని. సరే, పార్లమెంటుదే అయితే ప్రతి ఓపెన్ లైసెన్స్ కింద వెళ్ళిన సరుకు విలువ, ఎవరికి వెళ్ళింది, ఎంత గ్యారంటీ ఇచ్చారు అన్నీ ఎంపీల ముందు పెట్టాలి, సంతకం పడ్డాక కాదు, పడకముందే.