మొదట లెక్క చూపించండి, తర్వాత రిగ్రెషన్

విద్యారంగ ఖర్చుల మీద పేపర్ రాసి బయటి జర్నల్‌కి పంపాలనుకునే మన స్కాలర్లు నన్నడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "సార్, ఇంగ్లీష్ ఒకసారి చూస్తారా?" రెండోది "స్టాటా టేబుల్స్ ఓకేనా సార్?" అంటే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో తీసిన రిగ్రెషన్ పట్టికలు, దేనివల్ల ఏది ఎంత మారిందో అంచనా వేసేవి. ఈమధ్య మూడోది చేరింది: "ఏ జర్నల్ అయితే తొందరగా వస్తుంది?" "ఒక్కో పిల్లాడి మీద ఇంత ఖర్చని రాశాను, ఆ అంకె నిలబడుతుందా?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. డబ్బు గురించి రాసే పేపర్లో డబ్బు తప్ప మిగతా అన్నిటి గురించీ బెంగే.

మూడో ప్రశ్న సంగతి ముందు తేల్చేస్తాను. వాట్సాప్‌లో "స్కోపస్ గ్యారంటీ, ఇన్ని వేలు, ఇన్ని వారాలు" అని తిరిగే మెసేజ్‌ల జోలికి వెళ్ళకండి (స్కోపస్ అంటే గుర్తింపున్న జర్నల్స్ జాబితా). పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందే పేపర్ అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ ఇంకా అడుగుతుంటే అది మీ యూనివర్సిటీ పెట్టుకున్న షరతు. దానికోసం డబ్బు కట్టి చెత్తబుట్టలాంటి చోట అచ్చేయించుకుంటే అదే పేపర్‌ని మళ్ళీ మంచి జర్నల్‌కి పంపలేరు. ఇక్కడితో ఆ సంగతి వదిలేద్దాం.

అసలు విషయం. ఈ రంగానికే పేరున్న జర్నల్స్ ఉన్నాయి. జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఫైనాన్స్ 1975 నుంచి వస్తోంది, ఎడ్యుకేషన్ ఫైనాన్స్ అండ్ పాలసీ 2006లో మొదలైంది. రెండూ అమెరికావి. అక్కడ బడి డబ్బు నడిచే తీరు వేరు. స్కూల్ డిస్ట్రిక్ట్ అనేదానికి సొంత రాబడి ఉంటుంది, ఎక్కువగా ఆస్తి పన్ను. ప్రతి డిస్ట్రిక్ట్ రాబడి, ఖర్చు వివరాలు ఏటా ఎఫ్-33 అనే సర్వేలో సెన్సస్ బ్యూరో సేకరిస్తుంది. అక్కడి పరిశోధకుడు ఆ ఫైలు దింపుకుని, పిల్లల సంఖ్యతో భాగించి పని మొదలుపెడతాడు. మీ పేపర్ చదివే రివ్యూయర్ బుర్రలో ఉండేది ఆ బొమ్మే. మనదగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్ అని బోర్డు ఉన్నా టీచరు జీతం వచ్చేది రాష్ట్ర ఖజానా నుంచి. మండలానికి బడి కోసం పన్ను వేసే అధికారం లేదు. ఎంఈఓ (మండల విద్యాధికారి) చేతిలో బడ్జెట్ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా "డిస్ట్రిక్ట్ లెవెల్ పర్ ప్యూపిల్ ఎక్స్‌పెండిచర్" అని రాసేస్తే, పట్టు తెలిసిన రివ్యూయర్ అడిగే మొదటి మాట "ఆ డబ్బు ఖర్చుపెట్టే నిర్ణయం జిల్లాలో ఎవరిది?" అని. దానికి మీ దగ్గర జవాబుండదు.

ఇక అంకె దగ్గరికి రండి. చాలామంది చేసేది రాష్ట్ర బడ్జెట్‌లో 2202 పద్దు తీసుకోవడం. సాధారణ విద్య. దాన్ని పిల్లల సంఖ్యతో భాగించడం. అయిపోయింది! కానీ గురుకులాల డబ్బు ఎక్కడుంది? సాంఘిక సంక్షేమ, గిరిజన గురుకులాల ఖర్చులో ప్రధాన భాగం ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమానికి పెట్టిన 2225 పద్దు కింద ఉంటుంది. తెలంగాణ 2014 తర్వాత వందల కొద్దీ కొత్త గురుకులాలు తెరిచింది. ఆ రాష్ట్రం బడి మీద పెట్టిన డబ్బులో అన్నిటికన్నా పెద్ద మార్పు అదే కావచ్చు. 2202 మాత్రమే చూసేవాడికి అందులో చాలావరకు కనపడదు. కనపడకపోగా, హాస్టల్లో చేరిన పిల్లలు భాగహారంలో మాత్రం మిగిలిపోతే ఒక్కో పిల్లాడి ఖర్చు తగ్గినట్టు కూడా తేలుతుంది. భవనాలు 4202లో ఉంటాయి. రిటైరైన టీచర్ల పెన్షన్ 2071లో ఉంటుంది, ఆ పద్దులో టీచరూ తహసీల్దారూ అందరూ కలిసే ఉంటారు. పెన్షన్ కలపాలా వద్దా అన్నదానికి నా దగ్గర ఒక్క జవాబు లేదు. కలపలేదని రాయండి, ఎందుకు కలపలేదో రాయండి, అంతే. ఆ ఒక్క వాక్యం లేక వెనక్కొచ్చిన పేపర్లున్నాయి.

పద్దు తేలినా కాలమ్ మిగిలే ఉంది. బడ్జెట్ పుస్తకంలో బడ్జెట్ అంచనాలు, సవరించిన అంచనాలు, వాస్తవ లెక్కలు అని విడివిడిగా ఉంటాయి. ఒక ఏడాది వాస్తవ లెక్క ఆ తర్వాత రెండేళ్ళకి వచ్చే బడ్జెట్ పుస్తకంలో కనపడుతుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్స్‌లోనూ ఉంటుంది. మనవాళ్ళు ఏం చేస్తారంటే, పాత ఏళ్ళకి వాస్తవ లెక్కలు, చివరి రెండేళ్ళకి అంచనాలు తీసుకుని ఒకే గీత మీద గ్రాఫ్ గీస్తారు. చివర్లో గీత పైకి లేస్తుంది. "ఇటీవల ప్రభుత్వ ప్రాధాన్యం పెరిగింది" అని కింద ఒక పేరా. పెళ్ళికి ముందు వేసుకున్న అంచనా కాగితం చూపించి పెళ్ళికి ఇంత ఖర్చయిందని చెప్పినట్టు ఉంటుంది ఇది. అసెంబ్లీలో చదివిన అంకెకీ ట్రెజరీ దాటిన అంకెకీ మధ్య ఎంత దూరమో బిల్లులు పెట్టి ఎదురుచూసిన ఏ హెడ్‌మాస్టర్ని అడిగినా చెప్తాడు.

2014-15 గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల మీద పానెల్ డేటా (అవే రాష్ట్రాల, జిల్లాల అంకెలు ఏడాది తర్వాత ఏడాది) కట్టే ప్రతి ఒక్కరూ అక్కడే జారుతున్నారు. జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. కాబట్టి రెండు రాష్ట్రాలకీ ఆ ఏడాది లెక్క పది నెలలదే. మరుసటి ఏడాది పన్నెండు నెలలు. ఇది చాలదన్నట్టు 2015 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వాలూ పీఆర్సీ (ఉద్యోగుల వేతన సవరణ) కింద 43 శాతం ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు, ప్రకటించాయి. బడి ఖర్చులో సింహభాగం జీతాలే. అంటే ఒక్క టీచరు కూడా అదనంగా రాకుండానే, ఒక్క గది కూడా కట్టకుండానే 2015-16లో గీత నిటారుగా లేస్తుంది. దీన్ని "విభజనానంతర విధాన మార్పు" అని పేరు పెట్టి, డమ్మీ వేరియబుల్ (విభజనకు ముందు 0, తర్వాత 1) వేసి, ఫలితం యాదృచ్ఛికం కాదని చెప్పే మూడు నక్షత్రాల సిగ్నిఫికెన్స్‌తో పంపిన రాతప్రతిని నేను చదివాను. ఆ మూడు నక్షత్రాలూ పీఆర్సీవి! తర్వాత 2021లో తెలంగాణ 30 శాతం, 2022లో ఆంధ్ర 23 శాతం. ఆంధ్రలో అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి నడుస్తోంది, అందుకే అంత గొడవైంది. ఇవన్నీ ప్రతి టీచరుకీ నోటికొచ్చిన అంకెలు. ఇంట్లో అమ్మో నాన్నో టీచరైన స్కాలర్ కూడా పేపర్లో ఒక్క ముక్క రాయడు. ఎందుకు రాయడంటే అది "లిటరేచర్"లో, అంటే ఇదివరకటి పరిశోధన పేపర్లలో, లేదు కాబట్టి.

భాగహారంలో కింద ఉండే పిల్లల సంఖ్య కూడా చూడండి. దేశంలోని బడుల వివరాలు సేకరించే కేంద్ర ప్రభుత్వ డేటా వ్యవస్థ యూడైస్ ప్లస్ 2022-23 నుంచి బడి మొత్తం అంకె బదులు ఒక్కొక్క పిల్లాడి వివరాలు తీసుకోవడం మొదలుపెట్టింది. దాంతో సంఖ్యలు తగ్గాయి. ముందు ఏళ్ళతో నేరుగా పోల్చలేమని ఆ నివేదికే చెబుతోంది. పోల్చేస్తే ఏమవుతుంది? పిల్లలు తగ్గారు, ఒక్కో పిల్లాడి ఖర్చు పెరిగింది, ప్రభుత్వం ఉదారమైంది. జిల్లాల సంగతి సరేసరి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రలో 13 కాస్తా 2022లో 26. జిల్లావారీ పేపరైతే అన్నిటినీ ఉమ్మడి జిల్లాలకి మార్చి చూపించాలి, ఏ మండలాన్ని ఎటు కలిపారో అనుబంధంలో పెట్టాలి. విసుగు పుట్టించే పని. కానీ పేపర్లో మీ సొంత పని అదే, మిగతా కోడ్ ఎవరైనా రాస్తారు.

ఇక అమ్మఒడి, పిల్లల్ని బడికి పంపే తల్లులకి ఆంధ్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చిన పథకం. రెండేళ్ళుగా నా దగ్గరికొచ్చే ప్రతుల్లో ఎక్కువ దీని మీదే. 2020 జనవరిలో నలభై లక్షల పైచిలుకు తల్లులకి 15 వేల చొప్పున. ఆరు వేల కోట్ల పైమాటే. మంచి అంశం, కాదనను. కానీ అది బడి మీద ఖర్చా, ఇంటికి వచ్చిన ఆదాయమా? ప్రైవేటు బడి పిల్లల తల్లులకి కూడా ఇచ్చారు. మరి ఆ డబ్బుని ప్రభుత్వ బడి పిల్లల సంఖ్యతోనే ఎలా భాగిస్తారు? పైగా మొదటి విడత పడిన రెండు నెలలకి కోవిడ్ వచ్చి బడులు మూతపడ్డాయి. "ముందు, తర్వాత" అని పోల్చడానికి తర్వాత అనేదే లేదు. అప్పుడు తెలంగాణని కంట్రోల్‌గా (పథకం లేని చోటుగా) పెట్టి డిఫ్-ఇన్-డిఫ్ అంటారు, అంటే రెండు చోట్లా వచ్చిన మార్పుల మధ్య తేడా చూడటం. ఆ తెలంగాణ అదే కాలంలో గురుకులాలు నింపుతోంది, అది మీ 2202లో లేదు. కంట్రోల్‌కి కూడా మందు వేశారు, ఆ సీసా మీకు కనపడలేదు. జాక్సన్, జాన్సన్, పెర్సికో 2016 పేపర్‌ని అందరూ ఉదహరిస్తారు. పన్నెండేళ్ళ బడి కాలమంతా 10 శాతం ఖర్చు పెంచితే పెద్దయ్యాక వేతనాలు సుమారు 7 శాతం ఎక్కువని తేల్చిన పేపర్ అది. వాళ్ళు వాడుకున్నది ఒక్కో రాష్ట్రంలో కోర్టుల ఒత్తిడితో నిధుల పంపిణీ మారిన సమయాలు ఒక్కోటీ ఒక్కోలా ఉండటాన్ని. ఎన్నికల ముందు వాగ్దానం చేసి, గెలిచాక అన్ని జిల్లాల్లో ఒకేరోజు ఇచ్చిన పథకానికి ఆ పద్ధతి తొడిగితే పట్టదు.

మన నేల మీదే చక్కటి నమూనా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, జాంబియాలో బడి గ్రాంట్ల మీద జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ తదితరులు చేసి 2013లో ప్రచురించిన పరిశోధన. మన దగ్గర గ్రామాల బడులకి పిల్లల పుస్తకాలకీ సామగ్రికీ గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది ఎవరూ ఊహించని డబ్బు, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది వస్తుందని తల్లిదండ్రులకి ముందే తెలుసు, ఇంటి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో లాభం కనపడలేదు. ఎంత మామూలు సంగతి! బడిలో నోటుపుస్తకాలిస్తుంటే ఏ నాన్న కొంటాడు? కానీ అది కనపడాలంటే ప్రభుత్వం ఎంతిచ్చిందో ఒక్కటే కాకుండా ఇంట్లో ఎంత పెట్టారో కూడా అడిగి రాసుకోవాలి. వాళ్ళు అడిగారు. ఆ పేపర్ బలమంతా ఆ లెక్కలో ఉంది.

అందుకే నేనంటున్నది, రాతప్రతి సిద్ధం చేసేటప్పుడు వరస తిరగేయండి. "విద్యకి జాతీయాదాయంలో కొఠారీ కమిషన్ 6 శాతం అంది, 1968లో అన్నారు, 1986లో అన్నారు, 2020లో మళ్ళీ అన్నారు" అనే పరిచయం పేరా చివర్లో రాసుకోవచ్చు, ఆ పేరా అందరి దగ్గరా ఉంది. ముందు డబ్బు పట్టిక కట్టండి. ఏ పద్దు, ఏ కాలమ్, ఏ ఏడాది ధరల్లో, ఎవరి తలలతో భాగించారు, ఏవి వదిలేశారు. అది మూడు పేజీలైతే కానివ్వండి. పదాల పరిమితి అడ్డొస్తే రిగ్రెషన్ పట్టికల్లో సగం అనుబంధానికి పంపండి, పట్టికలు చాలామటుకు ఒకదానికొకటి కవలలే.

చిన్న విషయాలు రెండు. రచయిత పేరు లేకుండా పంపమని జర్నల్ అన్నప్పుడు ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా పేరు తీసేయండి. "మా మునుపటి పేపర్లో చూపినట్టు" అని రాసి పేరు దాచామనుకోకండి. రెండోది, గైడ్ పేరు, గైడ్ గారి స్నేహితుడి పేరు, డీన్ పేరు రచయితల్లో చేర్చే ముందు ఆ 2225 పద్దు పేజీ వాళ్ళలో ఎవరైనా తెరిచారా అని మనసులోనైనా అడగండి. పైకి అడగమని నేను చెప్పను, మీ థీసిస్ మీద సంతకం వాళ్ళది.

పనిలో పనిగా ఒక మనవి. 2014-15 నుంచి రెండు రాష్ట్రాల్లో గురుకులాల జీతాలు, మెస్ ఖర్చు 2225 నుంచి విడదీసి ఏడాదివారీగా పట్టిక కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇద్దరు స్కాలర్లు దాని కోసం బడ్జెట్ పీడీఎఫ్‌లు ఒక్కో పేజీ తిప్పుతున్నారు, అందులో సగం స్కాన్ చేసిన కాపీలే.