కుర్చీ ఒక్కటి చాలు

పనిచేసేవాళ్లు కూర్చోవాలనే ప్రమాదకరమైన ఆలోచన ఒకటి ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. దాన్ని ఎర్గోనామిక్స్ అంటున్నారు. మనిషి ఒంటికి తగ్గట్టు పనిని అమర్చాలట. తిరుపతిలో బట్టల షాపు నడిపే ఏ ఓనరునైనా అడగండి, ఇది తలకిందుల వ్యవహారమని చెబుతాడు. ర్యాకులు ఒకసారి కొట్టించాక కదలవు. వంగాల్సిందీ, సాగాల్సిందీ మనిషే. పైగా మనిషిని వంచడానికి కార్పెంటరు కూలి కూడా దండగ కాదు.

అసలు షాపులో స్టూలే లేదనడం పచ్చి అబద్ధం. కౌంటరు వెనకాల ప్లాస్టిక్ స్టూలు ఉంది. సేల్స్ పిల్ల దానిమీదికెక్కి పై అరలోంచి పట్టుచీరల పెట్టెలు దించుతుంది. ఒక కాలు స్టూలు మీద, ఇంకో కాలు ర్యాకు అంచున, పేర్చిన పెట్టెలు జారకుండా పైన గడ్డం ఆనించి. ఆ స్టూలు మీద నిలబడితే డ్యూటీ. కూర్చుంటే మాత్రం సీసీ కెమెరాకు దొరికిపోతుంది. "ఏం మే, నువ్వు కూచుంటే చీర దానంతటది నడిచొస్తాదా?" అనే ప్రశ్నకు ఇంతవరకు ఏ శాస్త్రవేత్తా జవాబు చెప్పలేకపోయాడు.

గంటల తరబడి కదలకుండా నిలబడితే నెత్తురు కాళ్లలోనే ఆగి నరాలు ఉబ్బుతాయని డాక్టర్లు భయపెడుతుంటారు. పిక్కల కండరాలు ఆడితేనే అది పైకి ఎక్కుతుందట. అందుకేగా స్టాఫ్ భోజనాల గది మేడమీద పెట్టి, లిఫ్టు కస్టమర్లకు మాత్రమే అని బోర్డు తగిలించింది! అలిపిరి మెట్ల పుణ్యం షాపులోనే దక్కుతోంది.

బరువుల సంగతీ అంతే. ఎంత అనువుగా ఎత్తినా 23 కిలోలు మించకూడదని అమెరికాలో పని భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ లెక్క కట్టింది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. మిగతా 27 కిలోలు మన హమాలీల ఆత్మబలం మీద లేస్తాయి. అమెరికా వాళ్లకు అది కొలవడం రాలేదు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. నిలబడి పనిచేసేవాళ్లు విశ్రాంతికి అవకాశం దొరికినప్పుడు వాడుకోవడానికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లో రాశారు. అవకాశం దొరికినప్పుడు అన్నారు, గమనించండి. చిత్తూరు వైపు సీజన్లో తోతాపురి మామిడి లారీలు గుజ్జు ఫ్యాక్టరీల గేటు ముందు బారులు తీరితే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? దొరకనివ్వకపోతే ఆ చట్టాన్ని మీరినట్టూ కాలేదు. షాపుల విషయంలో కేరళ 2018లో, తమిళనాడు 2021లో కుర్చీలు వేసి తీరాలని చట్టం సవరించాయి. నగరి దాటి తమిళనాడులోని తిరుత్తణికి పోతే సేల్స్ పిల్లకు కూర్చునే హక్కు వస్తుంది. తమిళుల ఆడి మాసం తగ్గింపులు, ఆడి కృత్తిక కావళ్లు అక్కడివే అయినా మనం పెద్ద మనసుతో కలుపుకున్నాం. ప్రతిదీ కలుపుకోవాలంటే ఎలా?

ఇక ఖర్చు. స్టూలు కొంటే బిల్లు వస్తుంది, బిల్లు వస్తే ఖాతాలో రాయాలి. అదే కాళ్ల నొప్పులు తట్టుకోలేక ధర్మవరం చీరల కౌంటరు పిల్ల సరిగ్గా శ్రావణమాసం ముందు మానేసిందనుకోండి, బిల్లేమీ రాదు. కొత్తగా చేరిన అమ్మాయి పవర్‌లూమ్ చీరను మగ్గం చీరని చూపిస్తుంది, రేటు తప్పు చెబుతుంది, పెళ్లి బట్టలకని వచ్చిన కుటుంబం మొత్తం పక్క షాపుకి పోతుంది. పోయిన బేరానికి ఖాతా పుస్తకంలో కాలమ్ లేదు కాబట్టి అది నష్టం కాదు. నడుము పట్టేసి పెట్టిన సెలవులకు జీతం కోస్తారు కనుక అది నికరంగా లాభమే. ఇంత తేలిక లెక్క అర్థంకాక, సౌకర్యం పెరిగితే ఖర్చు తగ్గుతుందని చదువుకున్నవాళ్లు ఎందుకు వాదిస్తారో!

షాపులో కుర్చీ ఉన్నది ఓనరుకే. తోలుది, తిరిగేది, వెనక దిండు కూడా ఉంది. అయినా పాపం ఆయనకే నడుంనొప్పి. పొద్దస్తమానం కూర్చోవద్దు, మధ్యమధ్యలో లేచి నిలబడండి అన్నాడట డాక్టరు. ఓనరు మండిపడ్డాడు. "ఈ వైద్యం మా స్టాఫ్‌కి ఇన్నేళ్లుగా ఫ్రీగా చేస్తా ఉండాను సార్. ఒక్కరన్నా మంచి మాట అనిన పాపాన పోలేదు!"