సైప్రెస్ పెట్టె గారికి ఒక ఫిర్యాదు

సమయానికి మేం పారాచూట్ తెరవకపోతే తామే అదనపు (రిజర్వు) పారాచూట్ తెరిపించే మహారాజశ్రీ సైప్రెస్ పెట్టె గారికి, విమానంలోంచి సరదాగా దూకేవాళ్లందరి తరఫున నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా కుశలం చాలావరకు తమరి దయే అనుకోండి.

1991లో జర్మనీకి చెందిన హెల్మట్ క్లోత్ మిమ్మల్ని బయటికి తెచ్చిన నాటి నుంచీ మా వీపున కూర్చుని మమ్మల్ని అనుమానిస్తూనే ఉన్నారు. 750 అడుగులకు దిగాక కూడా మా వేగం సెకనుకు 35 మీటర్లు దాటి ఉందా, ‘వీడు పారాచూట్ పిడి లాగడు’ అని తీర్మానించేస్తారు. మాట మాత్రం అడగరు. చిన్న కత్తితో రిజర్వు పారాచూట్ సంచిని మూసి ఉంచిన దారం తెంపేస్తారు. అప్పటికి నేల నాలుగైదు సెకన్ల దూరంలోనే ఉంటుంది, నిజమే. మరి మా పరువో?

కెమెరాకు నవ్వుతూ ఎత్తు చూసుకోవడం మరిచినవాడైనా, పక్కవాడు గుద్దితే స్పృహ తప్పినవాడైనా మీకు ఒకటే. మొదటివాడు కిందికొచ్చి, ‘ఇంకొక్క క్షణం ఆగితే నేనే లాగేవాణ్ణి’ అంటాడు. అడ్డు చెప్పడానికి మీకు నోరు లేదు.

పైకెళ్లే ముందు ఎర్ర లైటును చూస్తూ మీ మీట నాలుగుసార్లు నొక్కాలి. అదీ మరిచిపోయే ఘనులున్నారు మాలో.

అసలు ఫిర్యాదు ఇది. పరికరాలు ఎంత భద్రమైతే దూకేవాళ్లు అంత తెగిస్తారని, మొరాయించిన పారాచూట్‌ను చటుక్కున వదిలించుకునే మూడు రింగుల విడుదల పద్ధతి కనిపెట్టిన బిల్ బూత్ ఏనాడో చెప్పాడు. ఆ మాట వమ్ము కాకూడదని మేం కష్టపడుతున్నాం. చక్కగా విచ్చుకున్న, ఏ లోపమూ లేని పారాచూట్ కిందే చస్తున్నాం! వేగం ఎక్కువుండే చిన్న సైజు పారాచూట్ కొనుక్కుని, నేలకు దగ్గరలో గిరుక్కున తిప్పి, గడ్డి మీదుగా దూసుకుపోవాలని ముచ్చట. తిప్పాక అది మళ్లీ సమంగా నిలవాలంటే కొంత ఎత్తు కావాలి. ఆ ఎత్తును ముందే ఖర్చుపెట్టేసి ఉంటాం.

ఆ మలుపుల్లో కొందరి వేగం చూసి పారాచూట్ అసలు విచ్చుకోలేదేమోనని మీరే భ్రమపడే పరిస్థితి వచ్చింది. దాంతో సెకనుకు 46 మీటర్లు దాటితే గానీ కదలని ‘స్పీడ్’ మోడల్‌ను ప్రత్యేకంగా తయారు చేయాల్సి వచ్చింది. ప్రాణం కాపాడే యంత్రాన్ని కాస్త ఓపిక పట్టమని బతిమాలుకున్న జాతి మాది.

కనుక తదుపరి మోడల్‌లో మరో కత్తి అమర్చించ ప్రార్థన. మా అనుభవానికి మించిన చిన్న పారాచూట్ వైపు దుకాణంలో చెయ్యి చాపగానే అది మా డబ్బు సంచి తాడు తెంపి, సంచిని లాక్కుపోవాలి. దానికి 750 అడుగుల దాకా ఆగనక్కరలేదు.

చిత్తగించవలెను.