నెదర్లాండ్స్ ఫొటో పెట్టేవాళ్ళు ఆ గట్ల మీది గడ్డి గురించి కూడా రాయండి

మనకు వరదలొచ్చిన ప్రతిసారీ ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో తిరుగుతుంది. సముద్రానికి అడ్డంగా బారులు తీరిన స్తంభాలు, వాటి మధ్య ఉక్కు తలుపులు. "సముద్రం కంటే పల్లంలో ఉన్న దేశమే మునగట్లేదు, మనమెందుకు మునుగుతున్నాం?" అని కింద ఒక వాక్యం. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ ఫొటో చూస్తే ఒక పెద్ద గోడ కట్టేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. ఇంత తప్పుడు పాఠం ఇంకోటి లేదు.

ఆ ఫొటో ఓస్టర్‌స్కెల్డె బ్యారేజీది. 1953 ఫిబ్రవరి 1న తుఫాను, పెద్ద పోటు ఒకేసారి వచ్చి నైరుతి నెదర్లాండ్స్‌లో గట్లు తెగాయి, 1,836 మంది చనిపోయారు. ఆ తర్వాత మొదలైన డెల్టా వర్క్స్ అనే వరద రక్షణ కట్టడాల పథకంలో భాగంగా 65 స్తంభాలు, 62 తలుపులతో ఇది 1986లో పూర్తయింది. నిజానికి అక్కడ మొత్తం మూసేసే ఆనకట్టే కట్టాలనుకున్నారు. ఆల్చిప్పల మీద బతికే మత్స్యకారులు, పర్యావరణం కోసం నిలబడ్డవాళ్ళు పోరాడితే తలుపులు పెట్టారు. మామూలు రోజుల్లో అవి తెరిచే ఉంటాయి, నీటిమట్టం సగటు సముద్రమట్టం కన్నా మూడు మీటర్లు పైకి చేరుతుందని అంచనా వస్తే దించుతారు. ఇంత చేసినా పోటు బలం తగ్గిపోయి లోపలి ఇసుక మేటలు ఏటా కరిగిపోతున్నాయి. డచ్ వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు "ఇసుక ఆకలి". రొగ్గెన్‌ప్లాట్ అనే మేట మీద 2019లో ఇసుక తెచ్చి పోయాల్సి వచ్చింది. ఇది ఏ ఫొటోలోనూ కనపడదు.

గట్టుకు చిల్లి పడితే ఒక పిల్లాడు రాత్రంతా వేలు అడ్డం పెట్టి ఊరిని కాపాడిన కథ మనలో చాలామంది విన్నదే. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది అమెరికా, హాలండ్ కాదు. అసలు గట్టు పోయే తీరు వేరు. నది పైనుంచి పొర్లక్కర్లేదు. బంకమట్టి గట్టు కింద ఇసుక పొర ఉంటే చాలు. నదిలో మట్టం పెరిగేకొద్దీ నీరు ఆ ఇసుకలో దూరి, గట్టుకు ఇవతల పొలంలోనో కాలువలోనో ఊటగా పైకి తన్నుతుంది. ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉంటారు. నీటితోపాటు ఇసుక కూడా వచ్చి చుట్టూ చీమల పుట్టలా పేరుకుంటుంటే, గట్టు అడుగున సొరంగం తవ్వుకుపోతోందన్నమాట. అప్పుడు ఆ నోరు మూస్తే నీరు పక్కనుంచి తన్నుకొస్తుంది. అందుకే మూయరు. ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, బావి ఒరలా లేపుతారు. లోపల నీరు నిలిచి పైకి లేచేకొద్దీ నది మట్టానికీ దీనికీ తేడా తగ్గి, ఊట జోరు తగ్గుతుంది. ఇసుక రావడం ఆగి, తేట నీరు మాత్రమే పొర్లుతున్న ఎత్తు దగ్గర బస్తాలు ఆపేయాలి. అత్యుత్సాహంతో ఇంకా లేపితే పక్కనే కొత్త ఊట పుడుతుంది. గోదావరి ఏటిగట్ల మీద పనిచేసినవాళ్ళు రింగు బండ్ అనగానే గుర్తుపట్టే పనే ఇది.

ఇక వరద లేకుండానే తెగిన గట్టు ఒకటుంది. 2003 ఆగస్టు 26 తెల్లవారుజామున, విల్నిస్ అనే ఊళ్ళో. ఎండాకాలం, వానల్లేవు. అయినా కాలువ గట్టు దాదాపు 60 మీటర్ల పొడవున పక్కకు జారి, నీళ్ళు ఇళ్ళమీద పడ్డాయి. కారణం ఎండే. ఆ గట్టు పీట్‌తో కట్టింది. పీట్ అంటే కుళ్ళీ కుళ్ళని మొక్కల పోగు నుంచి ఏర్పడ్డ నల్ల నేల. తడిగా ఉంటేనే దానికి బరువు. ఎండి తేలికైతే కాలువలోని నీటి తోపుడుకు నిలబడలేదు. అప్పట్నుంచి కరువు వస్తే చాలు, మనుషులు పీట్ గట్ల మీద నడిచి పగుళ్ళు వెతుకుతారు, గట్టుకు నీళ్ళు కొడతారు. వరద రోజుల్లో తప్ప గట్టు వైపు చూడని మనం నేర్చుకోవాల్సింది ఇదీ.

గట్టు లోపలి నేలది ఇంకో బాధ. దేశంలో నాలుగో వంతు సముద్రమట్టం కన్నా పల్లం, అన్నిటికన్నా పల్లం 6.76 మీటర్లు. వాననీరు తనంతట తాను బయటికి పోదు, రాత్రీ పగలూ తోడాల్సిందే. ఐమౌడెన్ పంపింగ్ స్టేషన్ సెకనుకు 260 ఘనపు మీటర్లు తోడగలదు, మన లెక్కలో 9,200 క్యూసెక్కుల దాకా. కానీ తోడితే పీట్ నేలలోకి గాలి వెళ్తుంది, పీట్ కుళ్ళి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, నేల దిగుతుంది. కొన్నిచోట్ల ఏటా సెంటీమీటరు దాకా. నేల దిగితే పొలం మళ్ళీ చిత్తడి, మళ్ళీ కాలువ మట్టం దించాలి, మళ్ళీ నేల దిగుతుంది. పాత ఇళ్ళు నిలబడ్డవి చెక్క గుంజల మీద. భూగర్భజలం తగ్గి గుంజ తల గాలికి తేలితే బూజు పట్టి పుచ్చిపోతుంది, ఇల్లు కుంగుతుంది. పశువుల మేతకు నేల ఆరాలంటారు రైతులు, పునాదులు తడిగా ఉండాలంటారు ఇళ్ళవాళ్ళు. ఒకే కాలువ మట్టం మీద ఇద్దరి బతుకూ ఆధారపడి ఉంది.

ఆ మట్టాన్ని నిర్ణయించేది వాటర్‌స్ఖాప్, అంటే ఆ ప్రాంతపు నీటి పనులు చూసే బోర్డు. అసలు చూడాల్సింది దీన్నే. దేశంలో ఇవి 21 ఉన్నాయి, కొన్నిటి మూలాలు 13వ శతాబ్దం నాటివి. నాలుగేళ్ళకోసారి జనం ఓటేస్తారు. జనం దగ్గర సొంతంగా పన్ను వసూలు చేస్తాయి. ఆ డబ్బు నీటి పనికే, అందులోంచి ఫ్లైఓవర్‌కు మళ్ళించే వీల్లేదు. గట్టు మీద గడ్డి కోయించడం, గొర్రెలు మేపించడం ఈ పద్దులోకే వస్తాయి. గడ్డి వేళ్ళ అల్లిక దట్టంగా ఉంటేనే అల దెబ్బకు మట్టి కోసుకుపోదు. బొచ్చు కోసం ఉత్తర అమెరికా నుంచి యూరప్‌కు తెచ్చిన మస్క్‌రాట్లు అనే నీటి ఎలుకలు నీటి అడుగునుంచి గట్టును తొలిచేస్తాయి కాబట్టి, వాటిని పట్టడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు.

పూర్వం అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. తన వంతు గట్టును బాగుచేసుకోలేని రైతు దాని మీద పార గుచ్చి వెళ్ళిపోవాలి. ఆ పారను పీకినవాడికి పొలమూ, దాంతోపాటు గట్టు బాధ్యతా దక్కేవి. గట్టు పని ఎవరిదో తేల్చకుండా ఒక్కరోజు కూడా వదల్లేదు వాళ్ళు.

ఈసారి ఆ ఉక్కు తలుపుల ఫొటో పెట్టేటప్పుడు కింద ఇంకో ప్రశ్న కూడా రాయండి. మన ఊరి ఏటిగట్టు మీద తుమ్మచెట్లు కొట్టించడానికీ, ఎలుక బొరియలు పూడ్చడానికీ ఈ ఏడాది ఎంత కేటాయించారు? వేసవిలో ఆ గట్టు పొడవునా ఆఖరిసారి నడిచి చూసిందెవరు?