పేరులేని గిటారుకు వంశోద్ధారణ

సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికిన ఎలక్ట్రిక్ గిటారును తెచ్చుకున్న నాడే వాయించడానికి కూర్చునేవారిని చూస్తే జాలి కలుగుతుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు తేలకుండా తీగ మీద వేలు పెట్టడం శాస్త్రసమ్మతం కాదు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పైకొస) మీది పేరును పాత యజమాని గీకి పారేసి ఉంటే పామరులు అనుమానిస్తారు గాని, పరిశోధకులకు అంతకు మించిన శుభసూచకం లేదు. పేరున్న గిటారు ఆ ఒక్క గిటారే అవుతుంది. పేరులేనిది ఏదైనా కావచ్చు.

పరిశోధన కొలతలతో మొదలవుతుంది. తీగల పైకొస ఆనే గాళ్ల పట్టీ అయిన నట్ నుంచి, మెడ మీది లోహపు అడ్డకమ్ములైన ఫ్రెట్లలో పన్నెండోదాని దాకా కొలిచి రెట్టింపు చేస్తే స్కేలు పొడవు, అంటే తీగ మోగే పొడవు వస్తుంది. అది 648 మిల్లీమీటర్లయితే ఫెండర్ రక్తం, 628 దరిదాపుల్లో ఉంటే గిబ్సన్ రక్తం; రెండూ పేరుమోసిన అమెరికన్ గిటారు సంస్థలు. ఈ రెండు కొలతలనూ లెక్కలేనన్ని కార్ఖానాలు వాడుకుంటున్నాయని గుర్తుచేసే మిత్రులను మర్యాదగా గది బయటికి పంపాలి. ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ తరహా గిటారైతే, తీగల కింది కొసను పట్టి ఉంచే బ్రిడ్జ్‌ను బిగించిన ఆరు స్క్రూలలో ఈ చివరి దానికీ ఆ చివరి దానికీ నడుమ దూరం కూడా చూడాలి. పాత అమెరికన్ పద్ధతిలో అది సుమారు 56 మిల్లీమీటర్లు, చవక రకాల్లో తరచుగా 52.5. రెండోది వస్తే టేపు చెడిపోయిందని గ్రహించి, 56 వచ్చేదాకా కొలుస్తూ పోవాలి.

నెక్ (మెడ) విప్పి చూసినప్పుడు రంగు అంటని చోట ప్లైవుడ్ పొరలు బయటపడినా అధైర్యపడనక్కరలేదు. అప్పుడు దాని పుట్టుకను జపాన్‌కు పంపించవచ్చు. గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, హెడ్‌స్టాక్ ఆకారాన్ని కాపీ కొట్టారంటూ జపాన్ వారి ఐబనెజ్ గిటార్ల అమెరికా పంపిణీదారైన ఎల్గర్ మీద 1977లో దావా వేసింది. వ్యవహారం తీర్పు దాకా పోకుండా రాజీతో ముగిసింది. ముద్దాయి ఒక్కరే అయినా, ఆ దశాబ్దపు జపాన్ గిటార్లన్నీ బోనెక్కి వచ్చినట్టే నేటికీ అమ్ముడవుతున్నాయి. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పుట్టినవి సైతం సాక్షులుగా హాజరైనట్టు చెప్పుకుంటున్నాయి.

ఇలా వంశం స్థిరపడిన మరుక్షణం, ఆ వంశానికి రుజువులైన భాగాలన్నింటినీ ఊడబెరికి కొత్తవి వేయడం ఆచారం. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లలో, ఉక్కు పోల్‌పీసుల (తీగల కింది చిన్న కడ్డీల) కింద సిరామిక్ అయస్కాంతం అతికించినవి పోయి ఆల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలవి రావాలి. కొత్త బ్రిడ్జ్ కింది లోహపు దిమ్మె సుమారు 45 మిల్లీమీటర్ల మందపు బాడీకి చేసినది. మన గిటారు మందం 40 దాటకపోతే ఆ దిమ్మె వెనకనుంచి తొంగిచూస్తుంది, వెనక మూత పడదు. మూత లేకుంటే నాదం విశాలమవుతుందని సిద్ధాంతీకరించడం తప్ప గత్యంతరం లేదు.

నట్ గాడిలో తీగ ఇరుక్కోవడం వల్లనే శ్రుతి తరచుగా తప్పుతుందనీ, గాడిని ఆకురాయితో సరిచేసి, నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్ తిప్పి, బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిళ్లను జరిపి, ఫ్రెట్లను నునుపు చేస్తే ఈ గిటారే చక్కగా పలుకుతుందనీ కొందరు చాదస్తులు వాదిస్తారు. వారి మాటలో నిజం లేకపోలేదు, ఇబ్బందంతా అక్కడే ఉంది. అంత తక్కువ ఖర్చుతో, ఫొటోలో కనబడకుండా బాగుపడే గిటారుకు సంఘంలో ఏం గౌరవం ఉంటుంది? కనుక నట్‌ను అలాగే ఉంచి ట్యూనర్లను (తీగ బిగించే మరలను) మార్చాలి. పాత రంధ్రాలు సరిపోకపోతే డ్రిల్లుతో పెద్దవి చేయాలి. తిరిగి చిన్నవి చేసే డ్రిల్లు ఇంకా రాలేదు గాని, వెనక్కి చూడటం పరిశోధకుల లక్షణం కాదు.

చిట్టచివరి ఘట్టం, ధ్వనిని సర్దే గుబ్బల కింద ఉండే పాట్‌లది. చవక గిటారులో ఉండే బుల్లి పాట్‌ల మీద తరచుగా ఏ ముద్రా ఉండదు. వాటి స్థానంలో పాత సామానులో వెతికి తెచ్చిన 250 కిలో ఓముల పెద్ద పాట్‌లు వేయాలి. వాటి వీపున 1377418 అని ఉంటే మరీ మంచిది: 137 అంటే తయారు చేసిన సీటీఎస్ సంస్థ, మిగిలినది 1974లో 18వ వారం. ఇక అమ్మకానికి పెట్టేటప్పుడు మనం అబద్ధమాడవలసిన అగత్యమే ఉండదు. కొనబోయే పెద్దమనిషి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, పాట్‌లను కప్పి ఉండే ముందు పలక పిక్‌గార్డ్‌ను ఆయన చేతనే విప్పించి, ఆ అంకెలను ఆయనే పైకి చదువుకునేదాకా పక్కన నిలబడితే చాలు.