గోపాల్‌పూర్ ఒడ్డున చావులేని బోట్లు

పీచుని జిగురులో కలిపి గట్టిగా చేసే కాంపోజిట్ మెటీరియల్ ఎక్కువకాలం మన్నాలి, పనైపోయాక రీసైకిల్ కూడా అవ్వాలి అని ప్రపంచంలో పెద్దపెద్ద సైంటిస్టులు బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నారు, పాపం ఒక్కరు కూడా ఒడిశాలో మా గంజాం జిల్లా వచ్చి మమ్మల్ని అడగలేదు. మన్నిక సంగతి మేం ఎప్పుడో తేల్చేశాం. నమ్మకపోతే బరంపురంలో బస్సెక్కి గోపాల్‌పూర్‌లో దిగండి, మన తెలుగు జాలర్ల పేట వైపు ఇసకలో నడవండి, బోర్లా పడున్న ఫైబర్ బోట్లు కనిపిస్తాయి. ఇంజిన్ ఎప్పుడో ఊడింది, ఓనరు కొడుకు సూరత్ మిల్లుకి పోయాడు, లోన్ మాటెత్తితే ఓనరు సముద్రం వైపు చూస్తాడు, బోటు మాత్రం నిక్షేపంగా ఉంది. వేటకి పనికొచ్చింది కొన్నేళ్లే అనుకోండి, చెత్తగా దాని సర్వీసు ఇప్పుడే మొదలైంది, ఇందులో రిటైర్మెంట్ లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది, గంటకి 200 కిలోమీటర్ల గాలి బోట్లని ముక్కలు చేసింది గానీ ఆ ముక్కల్ని ఏమీ చెయ్యలేకపోయింది.

విరిగిన అంచు దగ్గర కూర్చుని చూడండి. పైన నీలం జెల్‌కోట్ పూత పెచ్చులూడిపోయి, కింద గాజు పీచు మ్యాట్ తెల్లగా జుట్టు విరబోసుకుని ఉంటది. చెయ్యి పెట్టారా, రాత్రంతా గోక్కోవడమే. పాతసామాన్లవాడు వచ్చి బోల్టులు విప్పుకున్నాడు, ఇంజిన్ ఫ్యాను పట్టుకున్నాడు, బోటుని ఓ తన్ను తన్ని చూసి "దీన్నేటి సేసుకోను బాబూ" అని సైకిలెక్కేశాడు. ఆ తన్నులో మొత్తం ఎకనామిక్స్ ఉంది. కార్బన్ ఫైబర్ ఖరీదెక్కువ కాబట్టి దాన్ని కష్టపడి వెనక్కి తీసేవాళ్లున్నారు, కొత్త గాజు పీచే చవగ్గా దొరుకుతుంటే పాతది ఎవడిక్కావాలి?

నిజానికి తప్పు గాజుది కాదు, పీచుని పట్టి ఉంచే జిగురుది, అంటే రెసిన్‌ది. పాలియెస్టర్ గానీ ఎపాక్సీ గానీ ఒకసారి గట్టిపడిందంటే లోపల అణువుల గొలుసులు అడ్డదిడ్డంగా ముడిపడిపోతాయి, ఇక వేడి చేస్తే కరగదు, మాడుద్ది. వేగిన గారె మళ్లీ పిండి అవుద్దా? కాల్చి పీచు బయటికి లాగుదామంటే నాలుగైదు వందల డిగ్రీల దగ్గర దాని బలం సగానికి సగం పోద్ది. జర్మనీలో సిమెంటు బట్టీలో వేసేస్తున్నారు, రెసిన్ మంటకి, గాజు సిమెంటుకి, అంటే మీ బోటు ఎవడింటికో గోడైపోద్ది. అమెరికాలో అయితే ఇలాంటి సరుకుతోనే చేసిన గాలిమర రెక్కల్ని వయోమింగ్ రాష్ట్రం కాస్పర్‌లో గోతులు తీసి పాతిపెట్టారు. మేం అలా సిగ్గుపడే రకం కాదు, బీచ్‌లోనే ప్రదర్శన పెట్టాం, టికెట్టు కూడా లేదు.

ఇలా ప్రశాంతంగా ఉంటే 2011లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ అనే సైంటిస్టు బృందం విట్రిమర్ అని ఒక కొత్తరకం ప్లాస్టిక్ తెచ్చింది, వేడెక్కితే ముడులు ఒకచోట ఊడి ఇంకోచోట పడతాయి, చల్లారితే మళ్లీ గట్టి. 2021లో గాలిమరలు చేసే సీమెన్స్ గమేసా కంపెనీ వాళ్లు తేలికపాటి యాసిడ్‌లో రెసిన్ విడిపోయే గాలిమర రెక్క ప్రకటించారు. అంటే తయారుచేసే రోజే విప్పే దారి కూడా పెట్టుకోవాలన్నమాట, ఎంత వెనకబడిన ఆలోచనండీ ఇది! మా ముత్తాతలూ ఇంతే, మేకు కొట్టకుండా కొబ్బరితాడుతో చెక్కలు కుట్టి పడవ చేసుకునేవాళ్లు, తాడు పాడైతే కుట్లు విప్పడం, పుచ్చిన చెక్క తీసెయ్యడం, మళ్లీ కుట్టడం, తెప్పయితే ఒడ్డుకి రాగానే దుంగలు విడదీసి ఆరబెట్టడం, ఆఖరికి పొయ్యిలోకి. ఇసకలో ఒక్క గుర్తు మిగల్చలేదు, అంత బాధ్యత లేని మనుషులు.

ఈ సైన్సంతా పేటలో ఓ ముసలి మామకి చెప్పాను. బోర్లించిన బోటు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"యాసిడ్‌లో ఏస్తే ఇడిపోద్దంటావ్, మరి ఉప్పునీళ్లలో పదేళ్లు ఉంటాదా అల్లుడా?"

ల్యాబుల్లో చిక్కు కూడా అక్కడే ఉంది, మనం విప్పితే విడిపోవాలి గానీ నీళ్లకీ ఎండకీ బరువుకీ దానంతట అది సడలకూడదు.

"ఉండేలా చేస్తన్నారు మామా."

"సెయ్యనీ. అది వొచ్చినప్పుడు సూద్దాం, ముందు ఈ పాతదాన్ని ఎవడు ఎత్తుకెళ్తాడో అడుగు."